అటక మీది జొన్న కంకులు

మా అన్నయ్య ఇంట్లో ఏడాదంతా తినేది ఆ ముక్క చేలో పండే జొన్నలే. అమ్ముకునేంత ఏనాడూ పండదు. కోతలవగానే గట్టి కంకులు ఏరి, పొయ్యికి పైనున్న అటకలో వేలాడదీస్తారు. పొగ తగిలితే పురుగు దగ్గరికి రాదు. మా తాతల నాటి నుంచీ విత్తనం దాచే పద్ధతి అదే. కాకపోతే అప్పుడు పైన గడ్డి కప్పు, ఇప్పుడు ఊళ్లో అందరికీ ఇనప రేకులు.

ఈ వేసవిలో ఆ రేకుల కింద నిలబడటం ఎవరి వల్లా కాలేదు. వదిన పొయ్యి కూడా వాకిట్లోకి మార్చేసింది.

"అటకెక్కితే నేనే అప్పడంలా వేగిపోతాను మరిదీ!" అని నవ్వింది.

కంకుల సంగతి మాత్రం ఒక్కరికీ తట్టలేదు. ఆలస్యమైనా వాన దండిగా పడింది. అన్నయ్య ఆగలేదు.

"కాస్త దాచరాదూ?" అన్నాను.

"ఇంత పదును మళ్లీ దొరుకుద్దేంట్రా?" అంటూ ఉన్న గింజంతా చల్లేశాడు.

వారం దాటాక చూస్తే చేలో కలుపు పచ్చగా లేచింది. జొన్న మొలక ఒక్కటీ లేదు.

"పిట్టలు తినేశాయేమో," అన్నాను.

అన్నయ్య మోకాళ్ల మీద కూర్చుని మట్టి గీకాడు. దొరికిన గింజను వేళ్లతో నలిపితే మెత్తగా పిండైంది. పుల్లటి వాసన కొట్టింది.

"పిట్టలు తిన్నా బాగుండేది. గింజ ఉంది రా. ప్రాణమే లేదు."

మా వెనకే చేలోకి వచ్చిన వదిన ఆ పిండి వంక చూసింది. "వేయించిన గింజలు చల్లావయ్యా," అంది. "ఇంట్లో గాదె అడుగు కనపడుతోంది. ఇప్పుడేం చేద్దాం?"

"బక్కమామనడుగుదాం. లేదనడు," అని అన్నయ్య బుట్ట పట్టుకుని లేచాడు. బక్కమామది పక్క చేనే. నేనూ వెంట వెళ్లాను.

గట్టు మలుపులోనే ఆయన ఎదురయ్యాడు.

"మీ ఇంటికే వస్తున్నా అల్లుడూ. నాలుగు గింజలు సర్దుతావేమోనని," అన్నాడు.

ఆయన చంకలోనూ ఖాళీ బుట్టే. ఆయన వెనక, కింది చేల గట్ల మీద, ఇంకా చాలామంది వస్తున్నారు. అందరి చేతుల్లోనూ బుట్టలే.