పిచ్చయ్య ఊపిరి

నేను ఒక మైకు బాకాను. ఇప్పుడు సుభాని మనవడి దుకాణంలో అటక మీద ఉన్నాను. పుట్టింది మద్రాసులో. చీరాలలో మైకుసెట్లు అద్దెకిచ్చే సుభాని నన్ను కొని రైలెక్కించిన ఏడాదే స్వతంత్రం వచ్చాక దేశంలో మొట్టమొదటి ఎన్నికలు. కాడెడ్ల గుర్తుకూ నేనే అరిచాను, కంకి కొడవలి గుర్తుకూ నేనే అరిచాను. పొద్దుగూకకముందే జనం చాపలు తెచ్చుకుని కూర్చునేవారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిందని నేను చెప్పిన రోజు ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఎంత నమ్మకం ఆ కళ్లల్లో! తర్వాత తెలంగాణతో కలిసినందుకు పండగ చేశారు, కొన్నేళ్లకు విడదీయమని ఊరేగింపులు తీశారు. రెండింటికీ గొంతు నాదే.

ఎమర్జెన్సీ వచ్చింది. నేతపని చేసే పిచ్చయ్య సంఘం పెట్టి నూలు ధర మీద గొడవ చేస్తున్నాడని పోలీసులు పట్టుకుపోయారు. ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల్లోనే ఊళ్లో సర్కారు సభ పెట్టారు. దేశం ఎంత బాగుపడిందో ఓ అధికారి చెబుతుండగా పిచ్చయ్య భార్య నాంచారమ్మ వేదికెక్కి మైకు లాక్కుంది.

"అయ్యా, మా ఆయన్ని ఏం చేశారు? బతికుంటే ఏ జైల్లో ఉన్నాడో చెప్పండి. లేకపోతే ఆ మాటైనా చెప్పండి. పిల్లలకి నేనేం చెప్పుకోను?"

అధికారి సుభాని వైపు తిరిగి మైకు కట్టెయ్యమని సైగ చేశాడు. సుభాని కదల్లేదు.

"కట్టెయ్యవేంరా?"

"ఆయమ్మ అడగటం అవ్వలేదు సార్."

ఆ సాయంత్రమే సుభానిని లాకప్పులో వేశారు. నన్ను స్టేషన్ వెనక గదిలో పడేశారు. అయితే ఊరంతా విన్న ప్రశ్నను మింగెయ్యడం వాళ్ల వల్ల కాలేదు. పిచ్చయ్య దూరాన ఓ జైల్లో బతికే ఉన్నాడని నాంచారమ్మకు కబురు చేశారు.

సుభాని త్వరగానే బయటపడ్డాడు. నాకు మాత్రం మళ్లీ ఎన్నికలై, ఢిల్లీలో గద్దె మారేదాకా విడుదల లేదు. అప్పుడే పిచ్చయ్యనూ వదిలారు. నేతగాళ్ల వీధిలో సభ పెట్టి, దండ వేసి, జైల్లో పడ్డ బాధలు చెప్పమని ఆయన్ని మైకు ముందు నిలబెట్టారు.

పిచ్చయ్య మైకు పట్టుకున్నాడు. మాట రాలేదు. ఊపిరి మాత్రం వచ్చింది, బరువుగా, ఆగి ఆగి. ఆ ఊపిరినే వీధి చివరిదాకా వినిపించాను. ఒక్కరు కూడా దగ్గలేదు. మహామహుల ఉపన్యాసాలు మోసినవాణ్ణి, అంత బరువు నేనెన్నడూ మోయలేదు.

చివరికి జనంలోకి చూసి అన్నాడు: "నాంచారీ, ఇంటికి పోదాం పదవే."