లంగరు వేసిన చోటే

తెల్లారేసరికి గిడ్డంగి ఎడమ పక్కకి వచ్చింది.

టైలరమ్మ కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. నిన్న సాయంత్రం నది మలుపులో లంగరు వేసినప్పుడు ఆ ఎర్ర గిడ్డంగి కుడి పక్కనే ఉంది. కుట్టు దుకాణం వెనక గదిలో మూడేళ్లు చెక్కలు కోసి, అతికించి, తెరచాప కూడా తానే కుట్టి చేసుకున్న చిన్న పడవ అది. అందులో ఒంటరిగా రాత్రి గడపటం ఇదే మొదలు. కాళ్లు ముడుచుకుంటే తప్ప పట్టని అరలో ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

చుట్టూ మంచు. గిడ్డంగి తప్ప ఏమీ కనబడటం లేదు. చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావక్కా?"

"అదే తెలీటం లేదే. అవతలి ఒడ్డున కూడా ఎర్ర గిడ్డంగి ఉందా?"

"లేదు. ఉన్నదొక్కటే."

"మరి ఇదేంటి? రాత్రికి రాత్రి నడిచెళ్లిందా?"

"నిద్రమత్తులో ఉన్నావ్. మొహం కడుక్కో ముందు."

కడుక్కుంది. అయినా గిడ్డంగి ఎడమ పక్కనే ఉంది. లంగరు జారి పడవ ఎటో కొట్టుకుపోయిందని ఖాయం చేసుకుంది. లంగరు లాగి, తెరచాప ఎత్తి, నిన్న లంగరు వేశాక పడవ ముక్కు ఊరివైపే ఉంది కాబట్టి నేరుగా ముందుకు పోతే ఊరి రేవు వస్తుందనుకుంది. ఎంతసేపు పోయినా పడవ సరిగా కదల్లేదు. నీళ్లు ఎదురు తోస్తున్నాయి.

మంచులోంచి ఒక ముసలి జాలరి పడవ వచ్చింది.

"ఎటమ్మా?"

"ఊళ్లోకి, బాబాయ్."

"ఊరు నీ వెనకుంది. ఇటు పోతే సముద్రమే."

"నా లంగరు జారిపోయింది..."

"ఏం జారలేదు. సాయంత్రం నువ్వు లంగరు వేస్తుంటే చూశా. అప్పుడు నీళ్లు సముద్రంలోకి పోతున్నాయి, ఇప్పుడు పోటుకి లోపలికొస్తున్నాయి. నీళ్లు తిరిగితే లంగరు చుట్టూ పడవా తిరిగింది. రాత్రంతా నువ్వు వేసిన చోటే ఉన్నావ్."

ఆటుపోట్ల పట్టిక ఆమె జేబులోనే ఉంది. రెండుసార్లు చదివింది కూడా. అయినా బుర్రకెక్కలేదు. జాలరి మాట మీద చుక్కాని తిప్పింది. పడవ ఒక్కసారిగా తేలికై ఊరివైపు జారింది. వెళ్తున్నది ఇంటికేనని మాత్రం రేవు కనబడేదాకా నమ్మకం కుదరలేదు.

రేవు మెట్ల మీద చెల్లెలు నిలబడి ఉంది. "భయమేసిందా?"

"వేసింది. కానీ ఎక్కడికీ పోలేదటే నేను."

"మళ్లీ వెళ్తావా?"

టైలరమ్మ మెట్టు మీద కూర్చుని ఎడమ చెప్పు కుడికాలికి తొడుక్కుంటూ, "వచ్చే శనివారం" అంది. ఆ మాట ఎందుకన్నదో ఆమెకే అర్థం కాలేదు.