మాస్టారు కలిపిన గీత

కటింగ్ మాస్టారి చేతికి పెన్ను అందితే ఊరుకుంటుందా? ఊరుకోలేదు. గొడవంతా అక్కడే మొదలైంది.

టైలరింగ్ షాపులో కత్తిరింపు బల్ల ముందు ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి ఆయన ఎడమ కాలిలో రక్తనాళాలు మెలికలు తిరిగి ఉబ్బిపోయాయి. చీలమండ దగ్గర పుండు పడింది. ఎన్ని మందులు రాసినా మానలేదు. "కాలు కోయించుకుని మంచాన పడే ఓపిక నాకు లేదు" అని మొండికేసిన మనిషిని భార్య బతిమాలి, చివరికి బెదిరించి ఈ ఆస్పత్రికి లాక్కొచ్చింది. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. పెద్ద కోతలు లేవు, పూర్తి మత్తూ అక్కర్లేదు. చెడిపోయిన పెద్ద నాళంలోకి సూది రంధ్రం గుండా సన్నని లేజర్ తీగ పంపి, వేడితో లోపలే మూసేస్తారు. పైకి ఉబ్బిన చిన్న కొమ్మల్ని చిన్నచిన్న గాట్లలోంచి కొక్కెంతో లాగేస్తారు. పని అయ్యాక తన కాళ్ళ మీద తనే ఇంటికి నడిచి వెళ్ళొచ్చు.

ఆ ఉదయం ఆయన్ని నిలబెట్టి, స్కానింగ్ చూస్తూ, ఊదారంగు పెన్నుతో కాలంతా గీతలు గీసింది డాక్టరమ్మ. తర్వాత ఆవిడ చేతులు కడుక్కోవడానికీ, నర్సు లోపల సామాను సర్దడానికీ వెళ్ళారు. పెన్ను ట్రేలో ఉండిపోయింది. మాస్టారు కాలు చూసుకున్నాడు. మోకాలికి కాస్త కింద, బయటి పక్కన గీత ఠక్కున ఆగి, బెత్తెడు ఖాళీ వదిలి, మళ్ళీ మొదలైంది. చంక దగ్గర గీత అలా వదిలేస్తే చొక్కా గతేం కాను? సగంలో ఆపిన పని కంటపడితే ఆయనకి తిన్నది అరగదు. పెన్ను తీసి, చక్కని వంపుతో రెండు కొసలూ కలిపేశాడు. ఇప్పుడు చూడముచ్చటగా ఉంది.

బల్ల మీద పడుకోబెట్టి, కాలు పొడవునా మొద్దుబార్చే మందు ఎక్కించారు. ఆ సూదులకే పళ్ళు బిగబట్టాడు. లేజర్ వంతు వచ్చాక మాత్రం మిషను కూత తప్ప ఏమీ తెలియలేదు. ఇంతేనా అని ప్రాణం కుదుటపడింది.

"పెద్దది మూసేశాను మాస్టారూ, ఇంక కొమ్మలు," అంది డాక్టరమ్మ. "పడుకుంటే ఇవి అణిగిపోయి కంటికి కనబడవు. నిలబెట్టి గీసిన గీతలే నాకు దారి. గీత ఉన్నచోటల్లా కొక్కెం వేసుకుంటూ పోతాను."

మాస్టారికి తను కలిపిన గీత గుర్తొచ్చింది. ఆ ఖాళీ కావాలనే వదిలిందేమో!

చెప్పెయ్యాలి. కానీ ఎలా? తప్పు నాది అని ఎవరి ముందూ అన్న పాపాన పోలేదు ఆయన. చొక్కా భుజం బిగిస్తే కుట్టిన భార్యది తప్పు. నడుం వదులైతే కొలతకి సరిగ్గా నిలబడని వాడిది తప్పు. ఆవిడకే తెలుస్తుందిలే, చదువుకున్న మనిషి అని సర్దిచెప్పుకున్నాడు. ఆవిడ చీలమండ నుంచి పైకి వస్తోంది. ఒక్కో గీత దగ్గరా చిన్న లాగుడు తెలుస్తోంది. కొక్కెం పిక్క దాటింది.

"అమ్మా, ఆగండి. అక్కడ గీత ఎవరో కలిపినట్టున్నారు."

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. దీపం దగ్గరకి లాక్కుని చూసింది.

"ఇక్కడ నేను ఖాళీ వదిలాను," అని నర్సు వైపు తిరిగింది. "మాసిపోయిన గీతలు దిద్దమని నీకే కదా చెప్పాను?"

"అది నేను ముట్టుకోలేదు మేడమ్."

"మరి ఆకాశంలోంచి ఊడిపడిందా? పాదాన్ని పైకెత్తే నరం ఇక్కడే ఎముకని ఆనుకుని పోతుంది. కొక్కెం దానికి తగిలితే ఈయన పాదం వేలాడిపోయేది, జన్మంతా ఈడ్చుకుంటూ నడిచేవారు. రేపటి నుంచి నువ్వు ఈ గదిలోకి రావద్దు."

నర్సు ట్రే బల్ల మీద పెట్టి తల దించుకుంది.

మాస్టారి పాదం దక్కింది. నోరు మూసుకుంటే పరువూ దక్కుతుంది. తన ముందు ఇలా బిక్కమొహం వేసుకుని నిలబడ్డవాళ్ళని ఆయన చాలామందిని చూశాడు. వాళ్ళలో ఎంతమంది తప్పు నిజంగా వాళ్ళది? సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"నేనే," అన్నాడు. ఎవరికీ వినబడలేదు. గట్టిగా మళ్ళీ అన్నాడు. "కలిపింది నేనేనమ్మా. ఆ అమ్మాయికి ఏ పాపం తెలీదు. తప్పు నాదే."

డాక్టరమ్మ కొక్కెం పక్కన పెట్టింది.

"ఇంకెక్కడైనా దిద్దారా? బాగా గుర్తు చేసుకోండి."

"లేదమ్మా, ఒట్టు. అదొక్కటే."

డాక్టరమ్మ ఆ గీతని స్పిరిట్ దూదితో తుడిచేసింది. "తొందరపడి నోరు జారాను, మనసులో పెట్టుకోకు," అని నర్సుతో అని, మళ్ళీ పనిలో పడింది. ఆ బెత్తెడు మేరా కొక్కెం తగలనివ్వలేదు. అంతా అయ్యాక, "మాస్టారూ, పాదం పైకెత్తండి," అంది.

మొద్దుబారిన కాలు తనది కానట్టుంది. ఊపిరి బిగబట్టి ఎత్తాడు. వేళ్ళు లేచాయి, వెనకే పాదమూ లేచింది. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

నర్సు ఆయన మొహం చూడకుండా కాలికి బిగుతు మేజోడు తొడిగి, "నడవండి," అంది. కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకోమని అడిగే మొహం ఆయనకి లేదు. ఆమె వెనకే అడుగులో అడుగు వేసుకుంటూ బయటికి వచ్చాడు.

భార్య ఒక్క ఉదుటున లేచింది. "ఏమైందండీ? లోపల కేకలు వినబడ్డాయి. ఎవరు ఏం చేశారు?"

"ఎవరూ ఏమీ చెయ్యలేదు. తప్పు నాదే."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. తర్వాత భయంభయంగా నర్సు వైపు తిరిగింది.

"అమ్మా, కాలికి సరే, లోపల ఈయనకి ఇంకేం మందిచ్చారు?"

నర్సు పకపకా నవ్వేసింది.