కళింగపట్నం దాకా

నీళ్ళ బేసినులో ట్యూబును ముంచి, రెండు బొటనవేళ్ళతో నొక్కుతూ, కొంచెం కొంచెంగా జరుపుతూ జానయ్య బుడగ కోసం చూస్తున్నాడు. చాలాసేపు సతాయించి చివరికి ఆవగింజంత బుడగ ఒకటి పుట్టి, పైకి తేలి, పగిలింది. ఆ చోట వేలు అదిమిపెట్టి, తడి తుడిచి, ఆకురాయితో గీకడం మొదలుపెట్టాడు.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి గడ్డిఅన్నారం వైపు తిరిగే సందులో, ఒక పాత గోడకు ఆనుకుని ఉంటుంది అతని దుకాణం. దుకాణమంటే నెత్తిన రేకు, కింద ఒక చెక్కపెట్టె, గాలి పంపు, గోడకు కొట్టిన మేకులకు వేలాడే పాత టైర్లు. చెక్కపెట్టె మూత మీద ‘జై తెలంగాణ’ స్టిక్కరు. ఏళ్ళ తరబడి పంపు కొట్టీ కొట్టీ అతని కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారి ఉంటుంది. వేళ్ళ సందుల్లోని నలుపు ఏ సబ్బుకూ పోదు. ఎండిన తుమ్మకొమ్మలాంటి ఒళ్ళు. కళ్ళు మాత్రం ఎప్పుడూ ఇక్కడ లేనట్టు, దేన్నో దూరం నుంచి చూస్తున్నట్టు ఉంటాయి.

సకల జనుల సమ్మె మొదలై వారాలు గడిచాయి. బస్సులన్నీ డిపోల్లోనే నిలబడిపోయాయి. బళ్ళు తెరవలేదు, ఆఫీసులు తెరవలేదు. జనం అటకల మీది పాత సైకిళ్ళను దించి, బూజు దులిపి, జానయ్య దగ్గరికి తోలుకొస్తున్నారు. ఇంత పని అతనికి పడి ఎన్నేళ్ళయిందో. అయినా మధ్యాహ్నం అయ్యేసరికి ఎవరి సైకిలు ఎలా ఉన్నా పెట్టెకు తాళం వేసేస్తాడు.

“గిప్పుడే పోతవా జానయ్యా? నా బండి చక్రం గట్లనే ఉండె గద!” అన్నాడు వరసలో ఉన్నాయన.

“జర పనున్నది పటేలా. సారు ఎదురుసూస్తుంటడు,” అని జానయ్య తన సైకిలెక్కాడు.

సారంటే సాంబమూర్తి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బళ్ళో సోషల్ చెప్పి రిటైరయ్యాడు. కాకినాడ మనిషి. ఉద్యోగం కోసం వచ్చి ఎల్బీనగర్‌లో చిన్న ఇల్లు కట్టుకుని ఉండిపోయాడు. ఎండాకాలంలో పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. భార్య ఎప్పుడో పోయింది. విశాఖపట్నం నుంచి కూతురు లలితకుమారి వచ్చి చూసుకుంటోంది. బస్సులో రైళ్ళో సరిగ్గా తిరగ్గానే తండ్రిని తనతో తీసుకెళ్ళిపోతానంటోంది. సామాను అప్పుడే సగం కట్టేసింది కూడా.

ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ జానయ్యకు లోపల ఒకటే పరేషాన్. సమ్మె గెలవాలి. అందులో అనుమానం లేదు. అరవై తొమ్మిది ఉద్యమంలో నల్లగొండలో తూటా తగిలిన వాళ్ళను తన కళ్ళతో చూసినవాడు. కానీ గెలిచిన మర్నాడే బస్సులు కదులుతాయి, సారు వెళ్ళిపోతాడు. ఈ రెండూ ఒకే మనసులో ఎలా పెట్టుకోవాలో తెలియక, దాని గురించి ఎవరితోనూ, చివరికి భార్య సోమమ్మతో కూడా అనలేదు.

మెయిన్ రోడ్డు మీద బస్సు లేదు, లారీ లేదు. వాన వెలిసి ఎండ కాస్తోంది. తడిసిన తారు రోడ్డు చివరికంటా మెరుస్తోంది. ముందు చక్రం నీటి పొరను చీల్చుకుంటూ పోతుంటే సన్నగా సుయ్యిమంటోంది. ఆ చప్పుడు వింటూ తొక్కుతుంటే జానయ్యకు ఇది దిల్‌సుఖ్‌నగర్ అన్న సంగతి మెల్లగా మరుపున పడింది.

ముప్పై ఏళ్ళ కిందటి మాట అది. ఆ వానాకాలం పచ్చకామెర్లతో జానయ్య బిడ్డ పోయింది. నాలుగేళ్ళది. దేవరకొండ దగ్గర ఊళ్ళో మట్టి చేసి వచ్చాక జానయ్య మాట్లాడటం మానేశాడు. పంక్చరు వేసేవాడు, గాలి కొట్టేవాడు, నోరు మాత్రం తెరిచేవాడు కాదు. రోజూ గాలి కొట్టించుకునే సాంబమూర్తి అది కనిపెట్టాడు. ఒకరోజు సైకిలు స్టాండు వేసి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“దసరా సెలవలకి పిల్లల్ని సైకిళ్ళ మీద సముద్రం ఒడ్డంట తీసుకెళ్తున్నానయ్యా. భీమిలి నుంచి కళింగపట్నం దాకా. పాత కోటలూ గుళ్ళూ బౌద్ధుల కొండలూ అన్నీ చూపించాలి. దారిలో టైరు పేలితే నాకేమీ చేతకాదు. నువ్వు రావాలి.”

జానయ్య తల అడ్డంగా ఊపాడు. సారు సాయంత్రం ఇంటికే వచ్చి సోమమ్మతో చెప్పాడు. ఆమె మొగుడి మొహం చూడకుండా సంచీలో రెండు జతల బట్టలు కుక్కింది.

“పోయి రా. ఇంట్ల ఒకల మొకం ఒకలం సూస్కుంట ఎన్ని దినాలు కూసుంటం,” అంది.

సైకిళ్ళను రైలుకెక్కించి వాల్తేరులో దించారు. పిల్లలందరూ ముందు, సామాను సంచీతో జానయ్య అందరికన్నా వెనక. అందుకని మొదట అతనికి కనిపించింది సముద్రం కాదు, దాన్ని చూసి ఒక్కొక్కరే సైకిలు ఆపేస్తున్న పిల్లల వీపులు. తర్వాత ఆ వీపుల మీదుగా, ఆకాశం కింద ఇంకో ఆకాశం పరిచినట్టు, అది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. ఆ మట్టిని చేతిలోకి తీసుకుని నలిపాడు. అచ్చం తన ఊరి చెలక మట్టి. ఇంత దూరం వచ్చి సముద్రం పక్కన ఎందుకు పడుందో అనుకున్నాడు.

“ఏందే తాతా, గుద్దుతవా ఏంది!”

జానయ్య ఉలిక్కిపడి బ్రేకు నొక్కాడు. చైతన్యపురి. రోడ్డు మధ్యలో రాళ్ళ పొయ్యిలు పెట్టి, డేగిసాలు ఎక్కించి, వంటావార్పు చేస్తున్నారు. అరిచినవాడు ప్రవీణ్, కోచింగుకు వచ్చి హాస్టల్లో ఉండే కుర్రాడు. మెడలో కండువా, చేతిలో గరిటె. డప్పు చప్పుడు ఆగి ఆగి మోగుతోంది. పొయ్యి దగ్గర ముత్తమ్మ కూర్చుని ఉంది. సోమమ్మతో పాటు రైతుబజారులో ఆకుకూరలు అమ్ముతుంది.

“తిని పో అన్నా,” అని విస్తరి అందించింది.

“ఇంకొకటి గట్టియ్యవా? మా సారుకు.”

“ఏ సారు?” అన్నాడు ప్రవీణ్. జానయ్య చెప్పాడు. కుర్రాడి కనుబొమలు దగ్గరయ్యాయి. “ఆంధ్రాయనకా? మనం రోడ్డు మీద వండుకునేది ఎందుకు? గా ఇంటికి మోసేటందుకా?”

జానయ్య అతని మొహంలోకి చూశాడు. కోపం రాలేదు. కుర్రాడి గొంతు బొంగురుపోయి ఉంది, కళ్ళ కింద నిద్ర లేని నలుపు.

“మంచంల ఉన్నడు బిడ్డా,” అన్నాడు. “పచ్చిపులుసు అంటే పానం ఆయనకు. ఈడికొచ్చినంకనే నేర్సుకున్నడు.”

ప్రవీణ్ గరిటెను డేగిసాలో ఊరికే తిప్పాడు. తర్వాత విస్తరిలో అన్నం కట్టి, పచ్చిపులుసు విడిగా ప్లాస్టిక్ కవర్లో పోసి ముడేసి, జానయ్య చేతిలో పెట్టి అటు తిరిగిపోయాడు.

ఎల్బీనగర్ చౌరస్తా దాటి సందులోకి తిరిగేసరికి లలితకుమారి గేటు దగ్గరే ఉంది.

“పొద్దుటి నుంచి మీ గురించే అడుగుతున్నారు జానయ్యగారూ. ఏమీ తినలేదు. డాక్టరుగారికి ఫోను చేస్తే సాయంత్రం వస్తానన్నారు,” అంది. కళ్ళు అలసిపోయి ఉన్నాయి. ముందు గదిలో అట్టపెట్టెలు తాళ్ళతో బిగించి ఉన్నాయి.

“ఏం పరేషాన్ గాకమ్మా. నేను తినిపిస్త.”

సాంబమూర్తి మంచం మీద కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. ఒకప్పటి పొడుగు మనిషి. దుప్పటి కింద ఇప్పుడు మనిషి ఉన్నట్టే తెలియడం లేదు. మాట తడబడుతుంది, ఇంట్లో వస్తువుల పేర్లు కూడా దొరకవు. కానీ ఆ దారిలోని ఊళ్ళ పేర్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. అందుకే ఇన్ని నెలలుగా మధ్యాహ్నం పూట ఇద్దరూ ఆ దారినే మళ్ళీ మళ్ళీ పోతున్నారు. పాఠం చెప్పిన నోరు తడబడితే, విన్న నోరు చెబుతోంది.

పచ్చిపులుసు కలిపి ముద్ద నోట్లో పెట్టాడు. సారు నెమ్మదిగా మింగి, “మీవాళ్ళ వంటా?” అన్నాడు.

“రోడ్డు మీద వండిన్రు సార్.”

“వస్తుందంటావా, తెలంగాణ?”

“ఒస్తది సార్.”

“రావాలి.” ఒక పక్కకే వచ్చే నవ్వు నవ్వాడు. “వచ్చాక నన్నుండనిస్తావా?”

“మీరు లేకుంటే నేనెవరి సైకిలుకు గాలి కొట్టాలె?”

రెండో ముద్దకు తల తిప్పేశాడు. జానయ్య మూతి తుడిచి, స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.

“బయల్దేరుదామా?” అన్నాడు సాంబమూర్తి.

“ఆఁ సార్. భీమిలి కాడున్నం. డచ్చోళ్ళ సమాధులు.”

అక్కడ ఇద్దరూ ఎప్పుడూ కాసేపు ఆగుతారు. గుమ్మటాల్లా కట్టిన పెద్ద సమాధుల మధ్య పిల్లలు పరుగులు తీస్తుంటే, జానయ్య గోడ వారన ఒక చిన్న రాయి దగ్గర కూర్చుండిపోయాడు ఆనాడు. ఇంత చిన్నగా ఉంది, ఎవరిదన్నట్టు సారు వైపు చూశాడు. సారు వంగి వేళ్ళతో తడిమాడు. అక్షరాలు అరిగిపోయాయి, చదవలేకపోతున్నాను, చిన్నపిల్లదే అయ్యుంటుందన్నాడు. “మా బిడ్డకు రాయి గూడ లేదు సార్,” అన్నాడు జానయ్య. నెలల తర్వాత అతని నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. ఆ తర్వాత ఏడుపు వచ్చింది. సారు పిల్లల్ని బయటికి పంపేసి, అది తగ్గేదాకా పక్కనే కూర్చున్నాడు. ఓదార్చలేదు. సాయంత్రం గోస్తని సముద్రంలో కలిసే చోట, తడి ఇసకలో, “పాప పేరేంటి?” అని అడిగాడు. “అరుణ. దవాఖానల నర్సమ్మ పేరు పెట్టుకున్నం.” సారు వేలితో ఇసకలో మూడక్షరాలు రాశాడు. బడి మొహం చూడని జానయ్య ఆ గీతల్లో తన వేలు పెట్టి, మొదటి నుంచి చివరిదాకా, మళ్ళీ మొదటి నుంచీ నడిపించాడు. చీకటి పడేదాకా. అతనికి చదవడం రాయడం వచ్చిన తెలుగు ఆ మూడక్షరాలే.

“ఎక్కడున్నాం?” అంది మంచం మీది గొంతు.

“కోనాడ దాటినం. సరుగుడు తోటలు సార్. నీడ మంచిగున్నది.”

“పిల్లలందరూ ఉన్నారా?”

“ఉన్నరు. లెక్క సూసిన.”

వెలుతురు కిటికీ ఊచల మీంచి గోడ మీదికి మళ్ళింది. దూరంగా డప్పులు గాలిని బట్టి వినిపించీ వినిపించక ఉన్నాయి, అలల చప్పుడులా. జానయ్య తాటితోపులు దాటించాడు. వలలు ఆరేసిన పల్లెలో మంచినీళ్ళు తాగించాడు.

“శ్రీకూర్మం ఒచ్చింది సార్. గుళ్ళె తాబేళ్ళు.”

“ఎండగా ఉందా?”

“లేదు, మబ్బు పట్టింది.”

“గాలి?”

“మన ఎనక నుంచి కొడుతున్నది.”

“అయితే ఇంక తొక్కక్కర్లేదు,” అన్నాడు సాంబమూర్తి. కళ్ళు మూసుకున్నాడు.

జానయ్య చెబుతూనే ఉన్నాడు. కాసేపటికి దుప్పటి మీది చెయ్యి మీద తన చెయ్యి వేశాడు. అది ఇంకా వెచ్చగానే ఉంది. అయినా అతనికి తెలిసింది. లేచి లలితకుమారిని పిలవాలి. కానీ సారును శ్రీకూర్మంలో, దారి మధ్యలో వదిలిపెట్టడానికి మనసొప్పలేదు. గొంతు సవరించుకున్నాడు. శాలిహుండం కొండెక్కించాడు. పైన ఇటుకల స్తూపాల మధ్య నిలబెట్టి, కింద తెల్లగా పారే వంశధారను చూపించాడు. కొండ దిగి, ఏటి పక్కనే మెల్లగా నడిపించుకుంటూ పోయాడు. ఇసక మొదలైంది. చక్రాలు కూరుకుపోయాయి.

“ఒచ్చినం సార్,” అన్నాడు. “గదే కళింగపట్నం. దీపస్తంభం కనవడుతున్నది. దిగుండ్రి.”

అప్పుడు లేచి తలుపు దాకా వెళ్ళి, “లలితమ్మా, ఒక్కసారి రా తల్లీ,” అని పిలిచాడు.

ఆమె వచ్చింది. చూసింది. తండ్రి పాదాల దగ్గర కూర్చుని ముఖం దుప్పట్లో దాచుకుంది. జానయ్య ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఓదార్చలేదు. డప్పులు ఎప్పుడో ఆగిపోయాయి. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

చాలాసేపటికి ఆమె తేరుకుని, పై ఊళ్ళో ఉన్న అన్నగారికి ఫోను చేయడానికి ముందు గదిలోకి వెళ్ళింది. జానయ్య లేచి, ఎండ సారు ముఖం మీద పడకుండా కిటికీ రెక్క దగ్గరికి లాగాడు.

రెక్క వెనక, కిటికీ గట్టు మీద, సైకిలు తొక్కేటప్పుడు సారు ప్యాంటు గొలుసులో చిక్కకుండా చీలమండలకు పెట్టుకునే ఇనప క్లిప్పులు రెండు, తుప్పు పట్టి, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.