నక్షలో సమ్మమ్మ

మా తోటికోడలు మొగిలమ్మ బిడ్డ పూలమ్మ మా ఊరి కుంటలో మునిగి చనిపోయింది. పెళ్లీడు పిల్ల. ఏడాది తిరగకముందే ఊరంతా ఆ నీళ్లను పూలమ్మ కుంట అనడం మొదలుపెట్టింది.

"పూలమ్మలో బర్లను కడిగినవా?" అని ఒకడు. ఎండాకాలం వస్తే "పూలమ్మ ఎండింది" అని ఇంకొకడు. "పూలమ్మ కంపు కొడుతాంది" అని బట్టలుతికే ఆడవాళ్లు. ఆ మాట చెవిన పడితే మొగిలమ్మ ముందున్న కూడు తోసేసి లేచిపోయేది. వీళ్ల నోళ్లు పడిపోను! తల్లి వింటోందన్న ఇంగితం ఉండొద్దూ?

డెబ్బై నాలుగులో కొత్త నక్ష గీయడానికి వరంగల్ నుంచి సర్వేయర్ లక్ష్మీనారాయణ వచ్చాడు. కుంట పేరేమిటని అడిగితే అందరూ ఒకటే చెప్పారు. ఆయన రాయబోతుంటే మొగిలమ్మ కాళ్ల మీద పడింది.

"నీ బాంచెను సారూ, నా బిడ్డ పేరు రాయకు. అది మనిషి, కుంట కాదు."

"ఊరోళ్లు పిలిచేదే రాస్తమమ్మా," అన్నాడాయన. మళ్లీ ఏమనుకున్నాడో, నిజాం కాలపు నక్ష విప్పి ఉర్దూ అక్షరాలు కూడబలుక్కున్నాడు. "దీంట్ల సమ్మమ్మ కుంట అని ఉన్నది. సమ్మమ్మ ఎవరు?"

ఎవరికీ తెలియదు. ఊళ్లో అందరికన్నా ముసలివాడు యాకయ్య తాత కూడా తల అడ్డంగా ఊపాడు.

"అదే రాయి సారూ," అంది మొగిలమ్మ. రాశాడు.

ఆ తర్వాత పూలమ్మ కుంట అన్నవాడిని నేను ఊరికే వదల్లేదు. "నీ బిడ్డ పేరే పెట్టుకోరాదా!" అని దులిపేశాను. కట్ట మీద బోర్డు కూడా సమ్మమ్మ పేరుతోనే పడింది. మెల్లగా ఊరి నోరు తిరిగింది. మొగిలమ్మ కడుపునిండా తినసాగింది.

పదేళ్లు దాటాయి. మొన్న ఎండాకాలం మా కొత్త కోడలు అరుణ బిందె దించి, "అత్తమ్మా, ఈ సమ్మమ్మ ఎవలు?" అనడిగింది.

"ఎవలో ఏమో. మునిగి సచ్చిన పిల్లనే కావచ్చు," అన్నాను.

పక్కనే ఉన్న మొగిలమ్మ చప్పున తలెత్తింది. "ఆమెకు తల్లి లేకుండెనా? అందరు మర్చిపోయిండ్రు గద! మరి పూలమ్మ ఎవలో ఎరుకేనా బిడ్డా?"

"ఆమెవలు?" అంటూ అరుణ నా దిక్కు చూసింది. నా ప్రాణం ఉసూరుమంది.

మొగిలమ్మ లేచి బర్లను విప్పి కుంట దిక్కు తోలుకుపోయింది. బిడ్డ పోయాక ఆమె అటు పోవడం అదే మొదలు. "అక్కా, ఆగు" అంటూ భయపడి వెంట పరుగెత్తాను. బర్లు నీళ్లలోకి దిగుతున్నాయి. ఆమె ఒడ్డున నిలబడి మెల్లగా అంటోంది:

"పూలమ్మా, జర జరుగు బిడ్డా. బర్లు నీళ్లు తాగుతై."