బూజు మాయమైన రొట్టె

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు: కుట్టుమిషను ముందు అమ్మ, మంచం మీద నాయనమ్మ, పని నుంచి వచ్చి స్నానానికి దూరిన నాన్న, అందరూ 'పిల్లి' అని పిలిచే పదమూడేళ్ళ అమ్మాయి. అలమర మీద కవర్లలో ఉన్న మూడు రొట్టె ముక్కల్నీ కలిపితే ఏడుగురు. పిల్లి కలిపే లెక్కపెట్టేది. ఐదు రోజులుగా ఆమె మనుషులకంటే వాటివైపే ఎక్కువగా చూస్తోంది.

ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి ఒక ప్రయోగం చెయ్యమని సైన్సు టీచరు చెప్పింది. చేతికి అంటిన కనబడని మురికి ఏం చేస్తుందో చూద్దామని ఆదివారం నాన్నా, పిల్లీ మొదలుపెట్టారు. బేకరీలో పనిచేసే నాన్న కోసిన ముక్కల ప్యాకెట్టొకటి, కొయ్యని రొట్టె ఒకటి తెచ్చాడు. ప్యాకెట్టులోని ఒక ముక్కను పిల్లి ఆడుకుని వచ్చిన చేత్తో పట్టుకుంది. ఇంకో ముక్కను సబ్బుతో కడిగిన చేత్తో పట్టుకుంది. మూడోదాన్ని ఎవరూ ముట్టకూడదు.

"ముట్టకుండా కొయ్యడం నాకు చెప్పాలా?" అంటూ నాన్న సంచిలోంచి తన పని కత్తి తీశాడు. కొయ్యని రొట్టె నుంచి ఒక ముక్క కోసి, కత్తి మీదే లేపి కవర్లోకి జార్చాడు. పిల్లి దాని మీద 'ముట్టనిది' అని రాసింది.

నిన్న సాయంత్రం ఆ ముట్టనిదాని మీదే చొక్కా బొత్తామంత ఆకుపచ్చ మచ్చ కనబడింది. మిగతా రెండూ తెల్లగానే ఉన్నాయి. పిల్లి ఆశ్చర్యపోయి, ఉన్నదున్నట్టు బొమ్మ గీసుకుంది.

ఇవాళ మచ్చ లేదు.

బూజు రావడమే గానీ, వచ్చిన దారినే వెళ్ళిపోవడం ఎక్కడైనా ఉందా? ఎవరో ముక్క మార్చారు. పోయినసారి మొలకల లెక్క రాసుకెళ్తే, "ఇంట్లో కూర్చుని అల్లేశావా?" అని టీచరు క్లాసంతా వింటుండగా అడిగింది. పిల్లి పుస్తకం మూసేసి కూర్చుండిపోయింది. రేపు పుస్తకం, కవర్లు రెండూ చూపించాలి. పుస్తకంలో పచ్చ మచ్చ, కవర్లో తెల్ల రొట్టె ఉంటే అబద్ధాలకోరు అన్న పేరు ఖాయం.

ముందు నాయనమ్మ మంచం పక్కన నిలబడింది.

"అట్లా మిడిగుడ్లేసుకుని చూస్తావేమే? నీ కుళ్ళు రొట్టె నేను తిన్నానా? పళ్ళున్నప్పుడే దాని జోలికి పోలేదు!"

అమ్మ మిషను ఆపకుండానే అంది, "నేనైతే కవరుతో సహా చెత్తబుట్టలో వేసేదాన్ని. మార్చిపెడుతూ కూర్చునే తీరిక నాకెక్కడిది?"

అదీ నిజమే. పైగా ఇంట్లో రొట్టె మొన్ననే అయిపోయింది. కొత్త ముక్క బయటి నుంచి రావాలి. పిల్లి కవరు మూతి చూసింది. తను వేసింది రెండు ముళ్ళు. ఇప్పుడది మూడు మెలికలు తిరిగి, కొస లోపలికి దోపి ఉంది. బేకరీ ప్యాకెట్లు అట్లాగే ఉంటాయి.

అది నాన్న చేతి మడత. నాయనమ్మ అయితే బాగుండేది.

నాన్న తల తుడుచుకుంటూ వచ్చాడు.

"నాన్నా, ఈ ముక్క మార్చావా?"

"నేనా? నాకేం పని లేదనుకున్నావా?" ఆరిపోయిన తలనే మళ్ళీ తుడిచాడు.

"పాతదానికి అంచు దగ్గర చెవి లాంటి కన్నం ఉంది. బొమ్మ వేశాను. దీనికి లేదు."

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు," మంచం మీంచి నాయనమ్మ అంది. "నీ కూతురు పట్టిందిరా!"

"అమ్మా, నువ్వూరుకో!" నాన్న గొంతు తగ్గించాడు. "అవునే, మార్చాను. మీ బడికి రొట్టె వెళ్ళేది మా దగ్గర నుంచే. ఎవరూ ముట్టనిదానికే బూజొచ్చిందని రాస్తే ఏమనుకుంటారు? మా రొట్టే పాడుదంటారు. రేపు ఓనరు నన్ను పిలిచి అడిగితే?"

"రొట్టె మంచిదే నాన్నా. ఆ రెండూ మీవేగా, వాటికి రాలేదు." ముట్టనిదానికి తగిలింది కత్తి ఒక్కటే. "ఆ కత్తి కడిగే కోశావా?"

అమ్మ మిషను ఆపింది.

"ఏం కడుగుతారు? నీళ్ళు తగిలితే పదును పోతుందట, సబ్బు తగిలితే రొట్టెకు వాసనట. గుడ్డతో తుడుచుకుని సంచిలో పడేసుకోవడమే. పెళ్ళైనప్పటి నుంచీ చూస్తున్నా!"

"ఇరవై ఏళ్ళుగా మా దగ్గర అందరూ అంతే," అన్నాడు నాన్న. ఆ మాట ఎవరికి చెప్పాడో తెలియలేదు.

"అయితే కత్తి అనే రాస్తాను. నీ పేరు రాయను, బేకరీ పేరూ రాయను," అంది పిల్లి. అంత పొడుగు మాట ఆమె ఇంట్లో కూడా ఎప్పుడూ అనలేదు. "పాత ముక్క ఇచ్చెయ్ నాన్నా. పారెయ్యలేదు కదా?"

నాన్న చూపు గదిలో మేకుకు వేలాడుతున్న సంచి మీదికి పోయి, చటుక్కున వెనక్కి వచ్చింది. పిల్లి ఆ చూపును కనిపెట్టింది. ఆయన గదిలోకి నడిచాడు. ఆమె కూడా వెంటే నడిచింది.

"నాన్నా, ఒక్క ముక్కేగా!"

"పోయి చదువుకో," అని నాన్న ఆమె ముఖం మీదే తలుపు వేసి, గడియ పెట్టుకున్నాడు. సంచి, అందులోని పాత ముక్క లోపలే ఉండిపోయాయి.