చర్చి హాల్లో కాల్చిన ప్రామిసరీ నోటు

అమెరికాలో మా టొలీడో ఊళ్ళో బ్యాంకు లోను దొరకని వాళ్ళకు అమ్మేవాడే వాయిదాల మీద ఇల్లు ఇవ్వడం మామూలే. ఆఖరి వాయిదా కట్టిన ఆదివారం చర్చి కింది హాల్లో ప్రామిసరీ నోటును కేకు పళ్ళెంలో పెట్టి అందరి ముందూ కాలుస్తారు. ముప్ఫై ఏళ్ళుగా ఈ పేటకు పన్ను కాగితాలు రాస్తున్నాను కాబట్టి అలాంటి విందులకు నన్నూ పిలుస్తారు. డెల్మర్ హౌక్ నోటు కాల్చిన రోజు మాత్రం పిలవలేదు. పిలిచి ఉంటే ఆయన చేతిలోని అగ్గిపెట్టె లాక్కునేదాన్ని.

డెల్మర్ గారికి డెబ్బై తొమ్మిదేళ్ళు, పైపులు బిగించే పని చేసి రిటైరయ్యాడు. తనకున్న ఒక్క అద్దె ఇంటినీ అందులో ఉంటున్న యోలాండాకే వాయిదాల మీద అమ్మాడు. ఆమె ఆసుపత్రిలో గదులు తుడుస్తుంది. ఆయన భార్య అర్లీన్ మంచాన పడ్డప్పుడు డ్యూటీ దిగి వచ్చి, పైసా తీసుకోకుండా ఏడాదిపాటు ఆమెకు స్నానాలు చేయించింది. అర్లీన్ చనిపోయిన నవంబరులోనే ఈయన ఇంకా తొంభై వేల డాలర్లు రావలసిన నోటు మీద "చెల్లు" అని రాసి, సంతకం పెట్టి, యోలాండా వెళ్ళే చర్చి హాల్లో దాన్ని కాల్చేశాడు.

ఫిబ్రవరిలో నా దగ్గరికి వచ్చి ఫోన్లో ఆ ఫోటో చూపించాడు.

"చూశావా అమ్మాయ్? అంత మంటకి కనుబొమలు కాలిపోతాయనుకున్నా. యోలాండా ఒకటే ఏడుపు."

"డెల్మర్ గారూ, ఇది చేసేముందు నాకొక్క ఫోన్ కొట్టలేకపోయారా?"

"దేనికీ? డబ్బు తీసుకుంటే కదా పన్ను! నేను ఒదిలేశాను. ఏటా నువ్వే చెప్తావుగా, వచ్చిన వాయిదాలోని లాభానికే పన్నని."

చెప్పాను. తప్పు ఆయన వినడంలో లేదు, నేను చెప్పనిదాంట్లో ఉంది. వాయిదా నోటును చేజేతులా రద్దు చేస్తే, వసూలు చేసినట్టే లెక్కవేసి మిగిలిన లాభమంతటికీ ఆ ఏడే పన్ను వేస్తారు. ఆ ఇల్లు ఎప్పుడో కారుచౌకగా కొన్నది, పైగా అద్దెకిచ్చినన్నాళ్ళూ తరుగుదల కింద ఆ కొన్న ధరను లెక్కల్లో ఏటా తగ్గించుకుంటూ వచ్చాం. రావలసినదాంట్లో దాదాపు అంతా లాభమే. పన్ను పదహారు వేల చిల్లర డాలర్లు తేలింది. మూడుసార్లు వేసి చూశాను, అంతే వచ్చింది. నామీద నాకే ఒళ్ళు మండింది.

"మంచి చేసినందుకు జరిమానానా?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

"ఆమెకి చెబుదాం. మంచి మనిషి, నెలనెలా సర్దుతుంది."

"చెప్పావంటే నీ ముఖం చూడను. అర్లీన్ పేరు మీద ఇచ్చింది వెనక్కి అడగనా? ఆ పన్ను ఆరేళ్ళు కంతుల్లో కట్టుకోవచ్చని ఇందాక అన్నావుగా, అలాగే దరఖాస్తు రాయి."

"అప్పటికి మీకు ఎనభై అయిదు."

"బతక్కూడదా ఏం?"

రాశాను. ఒకరి పన్ను సంగతి ఇంకొకరికి చెప్పడం నా వృత్తిలో నేరం. అది గుర్తు చేసుకుని నోరు మూసుకున్నాను, లేకపోతే ఆ సాయంత్రమే యోలాండా తలుపు కొట్టేదాన్ని.

మార్చిలో యోలాండాయే తన కాగితాలతో వచ్చింది. వెన్న కేకు ముక్క ఒకటి నాప్కిన్‌లో చుట్టి తెచ్చింది.

"అక్కా, ఆ ఇల్లు నాకు ఊరికే వచ్చినట్టేగా. నేనేమైనా కట్టాలా?"

"ఒక్క సెంటు కూడా అక్కర్లేదు."

"హమ్మయ్య!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. "నెలనెలా అటు కట్టే డబ్బు మనవరాలి నర్సింగు చదువుకి పెడుతున్నా. ఇంట్లో మొదటి నర్సు అదే అవుద్ది చూడు."

నేను ఆమె కాగితాలు తిరగేస్తూ కూర్చున్నాను. ఒక్క మాట చెబితే చాలు, ఆమె ఆ చదువు ఆపేసైనా కడుతుంది. ఆయన అది తెలిసే వద్దన్నాడు.

"అక్కా, నామీద పెద్దాయనకి కోపమేమైనా వచ్చిందంటావా? ఆదివారం భోజనానికి రమ్మంటే పనుందంటాడు. నిన్న సామాన్ల కొట్టుకి వెళ్ళానా, ఆ కొట్టు ఏప్రను కట్టుకుని, జనం సామాన్లు వేసుకునే తోపుడు బళ్ళు మంచులో తోస్తున్నాడు! ఇదేంటి పెద్దాయనా అంటే, ఇంట్లో ఒక్కడికీ తోచట్లేదన్నాడు."

నేను ఆమె సంతకం పెట్టాల్సిన చోట గుర్తు పెట్టాను.

"ఈ మగాళ్ళింతే," అని నవ్వింది యోలాండా. "హాయిగా కూర్చోమన్నా కూర్చోలేరు కదక్కా?"

"కూర్చోలేరమ్మా," అన్నాను.